పేదరికంపై వీకెండ్ యుద్ధం

ప్రపంచంలో పేదరికం అనేదొకటి ఉందని నేను ఉద్యోగంలో చేరిన రెండో ఏడాది గమనించాను. అంతకుముందు తెలియక కాదు, తీరిక లేక. అప్పటినుంచి దాని అంతు చూడాలని కంకణం కట్టుకున్నాను. "మేమేం చేయగలం?" అని అడిగే నాలాంటి యువ ఉద్యోగుల కోసం నా అనుభవమంతా రంగరించి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ముందు శత్రువు కొలతలు తెలియాలి. రోజుకి ఇంతకన్నా తక్కువతో బతికేవాళ్లు కటిక పేదలని ప్రపంచ బ్యాంకు ఒక గీత గీస్తుంది. 2025 జూన్‌లో ఆ గీతను 2.15 డాలర్ల నుంచి 3 డాలర్లకు జరిపింది. దాని కింద సుమారు 80 కోట్లమంది ఉన్నారు. "అక్కడ అన్నీ చవకే కదా, సరిపోతుందిలే" అని నేను చాలాకాలం వాదించేవాణ్ణి. తీరా చూస్తే, ఏ దేశంలో ధరలు ఎలా ఉన్నాయో ముందే సర్దుబాటు చేసి వేసిన లెక్కట అది. అక్కరకొచ్చే వాదన ఒకటి పోయింది.

ఐక్యరాజ్యసమితి 2015లో 17 లక్ష్యాలు పెట్టుకుంది. మొదటిదే ఇది: 2030కల్లా పేదరికం ఎక్కడా, ఏ రూపంలోనూ ఉండకూడదు. గడువు పెట్టుకుని పనిచేసేవాళ్లంటే నాకు గౌరవం.

మా ఆఫీసులో దీనిమీద 48 గంటల హ్యాకథాన్, అంటే జట్లుగా కూర్చుని గడువులోగా ఏదో ఒక యాప్ తయారుచేసే పోటీ, పెట్టారు. ఏసీ హాల్లో తెల్లబోర్డు మీద 'పేదరికం' అని పెద్దక్షరాలతో రాసి చుట్టూ ఎర్ర సున్నా చుట్టాం. సగం పని అప్పుడే అయిపోయినట్టు అనిపించింది. పేదలు తమ అవసరాలు నమోదు చేసుకునే యాప్ మాది. "ఫోన్ లేనివాళ్లు ఎలా నమోదు చేసుకుంటారు?" అని టెస్టింగ్‌లో పనిచేసే అమ్మాయి అడిగింది. ఆమెను స్లైడ్లు తయారుచేసే పనికి మార్చాం. ఆ తర్వాత మూడు గంటలు ఏడో స్లైడులో ఏ పిల్లాడి ఫొటో పెట్టాలన్న దానిమీద గడిచాయి. ఒకడు మరీ సంతోషంగా ఉన్నాడు, ఇంకొకడు మరీ ఏడుస్తున్నాడు. చివరికి పేదగా ఉన్నా ఆశగా చూస్తున్నవాడు దొరికాడు కానీ, ముఖానికి అడ్డంగా ఉన్న వాటర్‌మార్క్ ఎంతకీ పోలేదు. అలాగే పెట్టాం. రెండో బహుమతి వచ్చింది. ఆ బ్యాగ్ ఇప్పటికీ వాడుతున్నాను, జిప్పు గట్టిది.

మాకు స్ఫూర్తి ఇచ్చింది ప్లేపంప్. పిల్లలు రంగులరాట్నం తిప్పుతూ ఆడుకుంటే భూమిలోని నీళ్లు పైన ట్యాంకులోకి ఎక్కుతాయి. దక్షిణాఫ్రికాలో పుట్టి చుట్టుపక్కల దేశాలకు పాకింది. అనుకున్నంతమందికి నీళ్లు అందాలంటే పిల్లలు రోజుకి 27 గంటలు ఆడాలని 2009లో గార్డియన్ పత్రిక లెక్కగట్టింది. నాకు ఇందులో లోపం కనిపించలేదు, మా ప్రాజెక్టు ప్లాన్లు కూడా అలాగే ఉంటాయి. పిల్లలు బడికి పోయినప్పుడు మాత్రం బిందెలు పక్కన పెట్టి ఆడవాళ్లే రాట్నం తోయాల్సి వచ్చేది.

దోమతెరలు కూడా ఉన్నాయి. మందు పూసిన తెర ఒక్కోటి కొద్ది డాలర్లే, మలేరియా నుంచి ప్రాణాలు కాపాడుతుంది. కానీ దాని ముందు సెల్ఫీ దిగితే పడుకోబోతున్నవాళ్లలా ఉంటాం.

ఇంకా కొందరు డబ్బే నేరుగా పేదల చేతికి ఇచ్చేయమంటున్నారు. కెన్యాలో గివ్‌డైరెక్ట్‌లీ అనే సంస్థ ఫోన్ ఖాతాల్లోకే వేసింది. ఇచ్చినా పేదవాళ్లు తాగి తగలేస్తారని మా టీమ్‌లీడ్ శుక్రవారం పార్టీలో గ్లాసు పైకెత్తి మరీ చెప్పాడు. అక్కడ పరిశోధకులు పరిశీలిస్తే తాగుడు ఖర్చేమీ పెరగలేదు, తిండి ఖర్చు, పశువులు పెరిగాయి. ఆ సంగతి చెబుదామనుకునేలోపు రెండో రౌండు వచ్చింది.

ఉద్యోగాన్నీ సేవనీ కలపకూడదన్నది ఇంకో ముఖ్య సూత్రం. విదేశాల్లో కష్టపడేవాళ్లు ఇంటికి పంపే డబ్బులో సగటున వందకి ఆరుకు పైగానే ఛార్జీలకే పోతున్నాయి. దాన్ని మూడుకన్నా తగ్గించాలన్నదీ 2030 లక్ష్యాల్లోదే. నేను పనిచేసేది సరిగ్గా ఆ ఛార్జీల విభాగంలోనే, అయితే అది వారం మధ్యలో చేసే పని. నా స్నేహితుడు ఇంకా నిష్ఠాపరుడు. పేద దేశాల్లో కంపెనీలు కట్టాల్సిన పన్నులు తగ్గించే సలహాలు శుక్రవారం దాకా ఇస్తాడు, ఆదివారం 'పేదరికం కోసం పరుగు'లో పది కిలోమీటర్లు పరుగెత్తుతాడు. పేదరికం నుంచా, పేదరికం వైపా అని దారిలో ఎవరో అడిగారట. టీషర్టు మీద ఆ వివరం లేదు.

ఇన్ని చేశాక కూడా నాకు మనశ్శాంతి లేకుండా చేసింది ఒక వెబ్‌సైటు. టోబీ ఆర్డ్ అనే తత్వవేత్త 2009లో ఆక్స్‌ఫర్డ్‌లో 'గివింగ్ వాట్ వుయ్ కెన్' మొదలుపెట్టాడు. ఆదాయంలో కనీసం పదోవంతు జీవితాంతం, లేదా రిటైరయ్యేదాకా, ఇస్తామని అందులో చేరినవాళ్లు మాటిస్తారు. అక్కడ జీతం వేస్తే ప్రపంచంలో మన స్థానం ఎక్కడో చెబుతుంది. వేశాను. నేను ధనవంతుణ్ణని తేలింది! పుట్టిన దగ్గర్నుంచి మధ్యతరగతి వాణ్ణని చెప్పుకుంటూ బతికినవాణ్ణి, ఒక్క బటన్‌తో నా కులాసా అంతా పోయింది. ఈఎంఐలు తీసేసి మళ్లీ వేశాను. అయినా ధనవంతుణ్ణే.

పంతం వచ్చి బ్యాంకు యాప్ తెరిచి ఆటోడెబిట్ పెట్టాను. విరాళం ఎంతో నింపాను, ఏ ఖాతాకో నింపాను, ఓటీపీ కూడా వచ్చింది. ప్రారంభ తేదీ దగ్గర ఒక్క క్షణం ఆగి, 2030 డిసెంబర్ 31 ఎంచుకున్నాను.