కొత్త మెషీన్ కొనాలా, ఉన్న పని సర్దుకోవాలా? బావ బామ్మర్దుల వాదన

విశాఖపట్నం గాజువాక ఆటోనగర్‌లో ఒక ఫ్లాట్‌బెడ్ యూవీ ప్రింటింగ్ యూనిట్ (షీటుని బల్ల మీద పరిచి ప్రింట్ వేసి, యూవీ వెలుతురుతో ఇంకు ఆరబెట్టే మెషీన్). సన్‌బోర్డు (తేలికైన ఫోమ్ ప్లాస్టిక్), ఏసీపీ (అల్యూమినియం రేకుల ప్యానెల్), అక్రిలిక్, ఎండీఎఫ్ (చెక్క పీచు నొక్కి చేసిన బోర్డు) షీట్ల మీద డైరెక్ట్‌గా ప్రింట్ వేసే పని. యూనిట్ బావది, ప్రొడక్షన్ చూసేది బామ్మర్ది. డెలివరీలు లేటవుతున్నాయి, ఏం చెయ్యాలన్నదే గొడవ.

బావ: నేను చెప్పేది ఒకటే రా, మెషీన్ స్లో. ఇంకు చిమ్మే హెడ్స్ ఎక్కువ ఉన్నది కొత్తది తీసుకుంటే గొడవ వదిలిపోద్ది. ద్వారకానగర్ షాపులోళ్ళు, రుషికొండ హోటళ్ళోళ్ళు, ఈవెంటోళ్ళు, అందరికీ పొద్దున్న ఫైల్ ఇస్తే సాయంత్రానికి బోర్డు కావాలి, మనం రేపు అన్నామంటే ఇంకోడి దగ్గరికి పోతారు.

బామ్మర్ది: మెషీన్ స్లో కాదు బావా, ఖాళీగా నిలబడుతోంది. ఒక పూట పక్కన నిలబడి చూడు నువ్వే. 3 ఎంఎం సన్‌బోర్డు వేస్తాం, తీసేసి 18 ఎంఎం ఎండీఎఫ్ పెడతాం, హెడ్ హైట్ మార్చాలి, రంగుల సెట్టింగ్ ప్రొఫైల్ మార్చాలి, అంతలో ఎవరో 5 ఎంఎం అర్జెంట్ అంటారు మళ్ళీ మొదటికి, షీటు గోడౌన్లోంచి అప్పుడు తెస్తారు, అప్పుడు తుడుస్తారు, ఈలోగా హెడ్స్ మోసే క్యారేజీ ఊరికే ఉంటాది. కొత్తది కొన్నా ఈ కుర్రాళ్ళే ఆ షీటు కోసం ఇలాగే పరిగెడతారు, ఈఎంఐ మాత్రం అదనం.

బావ: షీటు మార్చకుండా ప్రింట్ ఎలా వేస్తావేటి మరి?

బామ్మర్ది: మార్చొద్దనట్లేదు, మెషీన్ ఆపి చేసే పని ఏది, మెషీన్ తిరుగుతుండగా చేసుకోగలిగే పని ఏది అని విడదీద్దాం అంటున్నా. జపాన్‌లో షిగియో షింగో అనే ఇంజనీరు చేసింది ఇదే. 1969లో టయోటా వాళ్ళ 1,000 టన్నుల ప్రెస్సులో డై, అంటే రేకుని నొక్కే అచ్చు, మార్చడానికి 4 గంటలు పట్టేదంట, ముందు గంటన్నరకి తెచ్చారు, తర్వాత 3 నిమిషాలకి. కొత్త ప్రెస్సు కొనలేదు బావా.

బావ: అది కార్ల ఫ్యాక్టరీ, ఒకటే పార్టు వేలల్లో గుద్దుతారు. మనకి ప్రతి బోర్డూ వేరే.

బామ్మర్ది: వేరే కాబట్టే మనకి ఇంకా ఎక్కువ కావాలి, రోజుకి ఎన్నిసార్లు మారుస్తామో నీకూ తెలుసు. ప్రింట్ అవుతున్నప్పుడే తర్వాతి షీటు తుడిచి, వంకర ఉందో లేదో చూసి ట్రాలీ మీద రెడీగా పెట్టాలి. మన ఊరి తేమకి ఎండీఎఫ్ ఎలా ఉబ్బుతాదో తెలుసు కదా, సన్‌బోర్డు గోడకి నిలబెడితే విల్లులా వంగిపోద్ది, అంచు లేచి హెడ్‌కి తగిలిందంటే ఆ రోజు పని అయిపోయినట్టే. షీట్లు పడుకోబెట్టాలి, ఇది ఖర్చు లేని పని. ఇంక ఒకే మందం ఉన్న జాబులన్నీ వరసగా వెయ్యాలి, పొద్దున్న 3 ఎంఎం, తర్వాత 5, మధ్యాహ్నం ఎండీఎఫ్.

బావ: అక్కడే దెబ్బతింటావ్. అక్కయ్యపాలెం నుంచి ఒకడు ఒక్క బోర్డు కోసం బండేసుకుని వస్తాడు, నీ ఎండీఎఫ్ వరస మధ్యాహ్నం అని కూర్చోబెడతావా? ఈ ఒక్క బోర్డోళ్ళే రేపు షోరూం పెట్టినప్పుడు పెద్ద ఆర్డర్ ఇస్తారు. నీ వరస మెషీన్‌కి బాగుంటాది, పార్టీకి కాదు.

బామ్మర్ది: ఈ మాట నిజం, కాదనను. అలాంటోళ్ళ కోసం సాయంత్రం కొంచెం టైం వదిలేద్దాం. కానీ పార్టీతో మాట్లాడే దగ్గరే సగం పని అయిపోవాలి బావా. మొన్నటి 3 బై 2 అడుగుల బోర్డులు 20 ఉన్నాయి చూడు. 8 బై 4 షీటులో అన్నీ ఒకే వైపు పెడితే 4 వస్తాయి, ఒకదాన్ని తిప్పి పెడితే 5. అంటే 20 బోర్డులకి 5 షీట్లు కాదు, 4 చాలు.

బావ: లెక్కలో వస్తాది, కటింగ్‌లో రాదు. రెండూ రెండూ నాలుగు అడుగులు నిండిపోయాక కటింగ్ కోసం అంచు బయటికి వదిలే బ్లీడ్ ఎక్కడ పెడతావ్, బ్లేడుకి చోటేది?

బామ్మర్ది: అదే చెప్పబోతున్నా. ఆర్డర్ తీసుకునేటప్పుడే 36 బై 24 అంగుళాలు బదులు 35 బై 23న్నర అయితే ఓకేనా అని నువ్వు అడిగితే చాలు. గోడకి కొట్టే బోర్డుకి ఆ తేడా ఎవరికీ కనబడదు, మనకి షీటు మిగులుతాది, లోడింగ్ తగ్గుతాది, ప్రింట్ టైం కూడా తగ్గుతాది. డిజైన్ అయిపోయాక నా దగ్గరికి వస్తే నేను చెయ్యగలిగింది ఏమీ లేదు.

బావ: సరే అది అడుగుతా. మరి స్పీడ్ సంగతి? ఒకే చోట హెడ్‌ని 8 సార్లు తిప్పి 8 పాసులు వేస్తన్నావ్, 4 వెయ్యి, సగం టైంలో అయిపోద్ది.

బామ్మర్ది: రోడ్డు మీద దూరం నుంచి చూసేదానికి వేస్తా, హోటల్ రిసెప్షన్ గోడకి వెయ్యను. 20 అడుగుల గోడ అంటే 4 అడుగుల షీట్లు 5 పక్కపక్కన, లేత నీలం ఆకాశంలో గీతలు పడితే మనిషి ఎదురుగా నిలబడి చూస్తాడు. ఆ 5 ఒకే సెట్టింగ్‌లో, షీటు ఒకే వైపు పెట్టి, మధ్యలో ఏ జాబూ దూర్చకుండా వెయ్యాలి. నువ్వు రెండో షీటు తర్వాత ఆపించి వేరే అర్జెంట్ వేయించావంటే, ఆ తర్వాత మూడోది షేడ్ మారితే గోడ మీద కలవదు. మళ్ళీ వెయ్యడం కంటే స్లో పని ఇంకోటి లేదు. ఫైళ్ళు కూడా అంతే. 8 బై 4 షీటు 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కలతో, పెడితే 28,800 బై 14,400 పిక్సెళ్ళు, నాలుగు ఇంకు రంగుల సీఎంవైకేలో కంప్రెస్ చెయ్యకపోతే 1.6 జీబీ దాటుతాది, 100 డీపీఐ అయితే దాంట్లో తొమ్మిదో వంతు. నాలుగడుగుల దూరం నుంచి చూసే ఫొటోకి అంత ఎందుకు, చిన్న అక్షరాలు ఎంత పెంచినా మసకబారని వెక్టర్‌లో ఉంచితే చాలు. ఫైల్‌ని ప్రింట్ చుక్కలుగా మార్చే రిప్ కంప్యూటర్ గింజుకుంటంటే మెషీన్ స్లో అనుకుంటాం.

బావ: ఇవన్నీ ఒప్పుకున్నా ఒకటి మాత్రం నువ్వు ఆలోచించట్లేదు. ఉన్నది ఒక్క మెషీన్. హెడ్ పోయి, పార్టు హైదరాబాద్ నుంచో చెన్నై నుంచో వచ్చేదాకా షట్టర్ వేసుకోవాలి. నీ ట్రాలీలు, నీ వరసలు అప్పుడేం చేస్తాయి?

బామ్మర్ది: దానికి నా దగ్గర జవాబు లేదు బావా. కానీ అది స్పీడ్ కోసం కొనడం కాదు, ఆగిపోకుండా ఉండడం కోసం కొనడం. అలాగైతే పెద్దది అక్కర్లేదు, వాడినది మంచి కండిషన్‌లో ఉన్నదైనా చాలు, ఇదే ఇంకులు, ఇదే రిప్ ఉంటే బాగుంటాది. ముందు ఉన్నదాని మీద అసలు ఎంతసేపు ప్రింట్ అవుతోందో, ఎంతసేపు ఆగుతోందో రాసి చూద్దాం. ఇంకో మాట, నువ్వు వాట్సాప్‌లో ఫైల్ నేరుగా ఆపరేటర్‌కి పంపడం మానాలి, ఫొటోగా పంపితే అది చిన్నదైపోద్ది, పైగా వాడు ఓనర్ పంపాడని చేతిలో పని వదిలేస్తాడు.

బావ: నా యూనిట్‌లో నేను పని చెప్పకూడదేటి?

బామ్మర్ది: చెప్పు, నాకు చెప్పు. ఒక్క చోటు నుంచే వెళ్ళాలి.

బావ: నెల చూస్తా. కానీ రోజుకి రెండు అర్జెంట్లు నావి.

బామ్మర్ది: ఒకటి.

బావ: రెండు. ఈవెంట్ సీజన్ రా ఇది.

బామ్మర్ది: సరే రెండు, కానీ 4 గంటల్లోపు ఫైల్ నా దగ్గరుండాలి, సైజు మీద, ప్రూఫ్ మీద పార్టీ ఓకే రాసి ఉండాలి, గోడ సెట్టు నడుస్తుంటే మాత్రం ఆపను.