స్వయంప్రతిపత్తి గల జేడ్ గారికి

జేడ్ గారికి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ నేనూ నా ల్యాప్‌టాప్ ఫ్యానూ క్షేమం.

‘ఏజెంట్లు’ అనే, సొంతంగా పనిచేసే ప్రోగ్రాములను జావా భాషలో తయారుచేసుకోవడానికి వాడే సాఫ్ట్‌వేర్ మీరు. 1998లో ఇటలీలో, టొరీనోలోని ఒక టెలికాం పరిశోధనశాలలో మీ పని మొదలైందట. 2000 నుంచి ఎవరైనా మిమ్మల్ని ఉచితంగా తెచ్చుకోవచ్చట. మీ ఏజెంట్లు ఎవరూ చెప్పకుండానే నిర్ణయాలు తీసుకుంటారు, ఒకరికొకరు ఉత్తరాలు రాసుకుంటారు, బేరాలాడుకుంటారు అని ఎం.టెక్ క్లాసులో మా సారు చెప్పారు. నాకు తెలిసిన ఏజెంట్లంటే ఇన్సూరెన్స్ వాళ్లు, ప్లాట్లు అమ్మేవాళ్లు. వాళ్లు పిలవకుండానే వస్తారు. మీ వాళ్లు పిలిచినా రారని శనివారం రాత్రి తెలిసింది.

మిమ్మల్ని దించుకుని జిప్ ఫైలు విప్పితే లోపల ఇంకో నాలుగు జిప్‌లు. అవీ విప్పితే లిబ్ ఫోల్డర్‌లో జేడ్ డాట్ జార్, అంటే మీ జావా ప్రోగ్రామంతా మూటగట్టిన ఫైలు. జాడీ దొరికింది, ఇక మూత తియ్యడమే అనుకున్నాను.

విండోస్ వాడే స్నేహితుడి నోట్సులోంచి కమాండ్ దించి నా లైనక్స్‌లో కొట్టాను. క్లాస్‌పాత్‌లో, అంటే ప్రోగ్రాము ఎక్కడెక్కడుందో జావాకు చెప్పే జాబితాలో, జార్‌కీ క్లాసెస్ ఫోల్డర్‌కీ మధ్య ఒక సెమీకోలన్ ఉంది. లైనక్స్ దాన్ని చూసి మాట అయిపోయిందనుకుంది. ముందు సగం జావా చేతిలో పెడితే, ఆవిడ తనను ఎలా వాడాలో పేజీడు ఉపన్యాసం ఇచ్చింది. రెండో సగానికి ‘క్లాసెస్: కమాండ్ నాట్ ఫౌండ్’ అని జవాబు. గంటన్నర పట్టింది. జావా తీసేసి మళ్లీ వేశాను. రీస్టార్ట్ చేశాను. చివరికి చూస్తే, కింది చుక్కకున్న తోక తీసేసి కోలన్ చేస్తే సరిపోయేది. తప్పు నాదే, ఒప్పుకుంటాను. కానీ అంత స్వతంత్రులు కదా, పక్కనే ఉన్న సొంత ఫోల్డర్ కోసం నా తోక పట్టుకు కూర్చోవాలా?

ఎట్టకేలకు కిటికీ తెరుచుకుంది. మీ ఏజెంట్లు కాపురముండే మెయిన్ కంటైనర్ కింద ముగ్గురు: పుట్టిన ప్రతి ఏజెంటు పేరూ రాసుకునే ఏఎంఎస్, ఎవరు ఏ పని చేస్తారో చెప్పే డీఎఫ్, ఆ కిటికీని నడిపే ఆర్ఎంఏ. ఊరు పుట్టకముందే కరణం, మునసబు, తలారి దిగిపోయారన్నమాట. మురిసిపోయి ఇంటూ కొట్టి మూసేశాను. కిటికీ పోయింది గానీ ఊరు పోలేదు. ఇంకో టెర్మినల్‌లో మళ్లీ మొదలుపెడితే మీరు వాడే 1099 పోర్టులో, అంటే ఆ నంబరు గుమ్మంలో, అప్పటికే మనుషులున్నారని లోపలికి రానివ్వలేదు. అక్కడున్నదీ మీరేనండీ!

తర్వాత మీ పుస్తకాల బేరం ఉదాహరణ. కొనే ఏజెంటుకు పుస్తకం పేరు బ్రాకెట్లలో ఇవ్వాలి. కోట్స్ పెట్టకపోతే లైనక్స్ ఆ బ్రాకెట్‌ను చూసి అలిగింది, అది వేరే కథ. అమ్మేవాడి కిటికీలో ‘వంటలు’ అని రాసి, ధర 100 పెట్టాను. కొనేవాడు నిమిషానికోసారి బజారుకెళ్తాడు. ఆ నిమిషమంతా రెప్ప వెయ్యకుండా కూర్చున్నాను. వెళ్లాడు, డీఎఫ్‌ను అడిగాడు, ధర కనుక్కున్నాడు, 100కి కొనేశాడు. అనుమానమొచ్చి, అదే పుస్తకాన్ని 10,000కి పెట్టి ఇంకో కొనేవాణ్ని పుట్టించాను. కిక్కురుమనకుండా అదీ కొన్నాడు. పది మంది అమ్ముతుంటే తక్కువ చెప్పినవాణ్ని చూసుకుంటాడట, ఒక్కడే ఉంటే వాడు చెప్పిందే ధర. బేరమంటే ఇదా? వాణ్ని ఒక్క పూట మా అమ్మ వెంట రైతుబజారుకు పంపండి, కొత్తిమీర కట్ట దగ్గర నేర్చుకుంటాడు.

కొనగానే ‘టెర్మినేటింగ్’ అని వాడు అంతర్ధానమయ్యాడు. పుస్తకం రాలేదు, డబ్బూ కదల్లేదు. అమ్మేవాడి కిటికీ ఒక్కటే, తరవాతి పుస్తకం పేరు కోసం ఖాళీ గడి పెట్టుకుని ఇంకా తెరిచే ఉంది. రాత్రి రెండయింది.

ఇట్లు,
మీ వాడుకరి

తా.క.: మీ దగ్గర ప్రతి ఉత్తరం మీదా అది ఏ రకమో రాయాలట కదా. దీన్ని ‘నాట్ అండర్‌స్టుడ్’ కింద రాసుకోండి.