అయిదు అవకాశాలున్నాయి, కంగారు పడకండి

బరోక్ భక్తి సంగీతాన్ని, అంటే యూరప్‌లో మూడు నాలుగొందల ఏళ్ళ కిందటి చర్చి పాటల్ని, ఆస్వాదించడం ఆషామాషీ వ్యవహారం కాదు. రెండే రెండుసార్లు విని పండితుణ్ణయిపోయిన అనుభవంతో చెబుతున్నాను, ముందు మొహం సర్దుకోవాలి. సంక్రాంతికి అత్తారింటికొచ్చిన కొత్తల్లుడి మొహం పనికిరాదు. అప్పిచ్చినవాడు ఎదురైనప్పుడు పెడతామే, కాస్త బాధ, కాస్త దూరపు చూపు, అది కావాలి.

మొన్న ఈస్టర్‌కి ముందు వారం లండన్‌లో ఓ పాత చర్చిలో అల్లెగ్రి అనే ఇటలీ స్వరకర్త ‘మిసెరేరే’ పాడారు. మన బైబిల్లో ‘దేవా, నీ కృపచొప్పున నన్ను కరుణింపుము’ అని మొదలయ్యే 51వ కీర్తనే, లాటిన్‌లో. ముందు అయిదు గొంతుల బృందం, ఎక్కడో వెనక కనపడకుండా నాలుగు గొంతుల బృందం, మధ్యమధ్య ఏ హంగూ లేకుండా ఒకే వరసలో చదువుకుపోయే చరణాలు. అలాంటి ఓ చరణంలో నా పక్కావిడ దగ్గుబిళ్ళ కాగితం విప్పడం మొదలుపెట్టింది, ఒక్కో మడతా, బాంబు విప్పుతున్నంత జాగ్రత్తగా. ఎందుకంటే తర్వాతి చరణం నాలుగు గొంతులది, అందులో ఓ గొంతు ఉన్నట్టుండి ఎక్కడికో పైకి వెళ్ళి ఓ తారస్థాయి స్వరాన్ని అందుకుంటుంది. చర్చి చర్చంతా వచ్చింది దానికోసమే. మొత్తం అయిదుసార్లు వస్తుంది కాబట్టి మొదటిసారి కన్నీళ్ళు రాకపోయినా టెన్షన్ పడక్కర్లేదు.

చిక్కల్లా ఏమిటంటే, అల్లెగ్రి ఆ స్వరం రాయలేదు. 1630ల్లో పోపుగారి సిస్టీన్ చాపెల్ కోసం ఆయన రాసింది చాలా సాదా బాణీ. సొగసంతా గాయకుల గొంతుల్లో ఉండేది, మన గమకాల్లాగే కాగితం మీదికి దిగేది కాదు. 1771లో బర్నీ అనే ఇంగ్లీషు సంగీత చరిత్రకారుడు అచ్చువేసిన ప్రతిలో ఆ స్వరం లేనే లేదు. 1831లో జర్మన్ స్వరకర్త మెండెల్సన్ రోమ్‌లో విని ఓ ముక్కని హెచ్చు శ్రుతిలో రాసుకున్నాడు. 1880లో ఓ సంగీత నిఘంటువులో ఆ ముక్కని తీసుకెళ్ళి పాత చరణం మధ్యలో అతికించేశారు. అంటే మనం తన్మయులమైపోయేది ఒక అచ్చుతప్పుకి! పద్నాలుగేళ్ళ మొజార్ట్ 1770లో దీన్ని విని బసకెళ్ళి మొత్తం రాసేశాడని మురిసిపోతాం గానీ, ఇప్పుడు పాడే ఈ చరణం పాపం ఆయనకీ దక్కలేదు.

ఇదంతా తెలిసే వెళ్ళాను. మొదటిసారికే చేతిమీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి, వాటికి చరిత్ర తెలియదు కదా. అయిపోయాక పక్కావిడ కళ్ళు తుడుచుకుంటుంటే ఆగలేక నా పాండిత్యమంతా ఒలకబోశాను. పాట మధ్యలో దగ్గినవాణ్ణి చూసినట్టు చూసింది.