సవరణ: మెగా జెఫ్ మొత్తం చెక్కది కాదు

అమెరికాలోని న్యూ ఆర్లియన్స్‌లో తుఫాను నీళ్లల్ల మునిగి మూతపడ్డ సిక్స్ ఫ్లాగ్స్ వినోద పార్కు మీద పోయిన వారం పెట్టిన పోస్టులో, అక్కడి మెగా జెఫ్ రోలర్ కోస్టర్ "మొత్తం చెక్కతో కట్టింది, ఇంకా అట్లనే ఉంది" అని ఉంది. మొదటిది తప్పు, రెండోది పాతబడ్డ మాట.

హన్మకొండలో సామిల్లు నడిపే ఓ అన్న పట్టేశాడు: "టేకైనా సరే, అన్ని రోజులు ఉప్పునీళ్లల్ల నానితే అంత ఎత్తున నిలబడుతదా తమ్మీ?" నిజమే. అక్కడ చెదలూ తుఫాన్లూ రెండూ ఎక్కువని స్తంభాలు, దూలాలు ముందే ఉక్కుతో కట్టారు. చెక్క వాడింది పట్టాలకే: పలకల మీద పలకలు పేర్చి బిగించి, చక్రం దొర్లే చోట ఇనుప పట్టీ వేస్తారు. పట్టా చెక్కదైతే చాలు, కింద ఏమున్నా దాన్ని వుడెన్ కోస్టర్ల లెక్కలోనే వేస్తారు. వింతే!

2005 ఆగస్టులో కత్రినా తుఫానుకు మునిగాక పార్కు మళ్లీ తెరవలేదు. 2024లో కూల్చివేత మొదలైంది. చూసొద్దామని అడిగినవాళ్లు ఆ ఆశ వదులుకోండి.

"రైడ్లన్నీ అక్కడే తుప్పుపట్టాయి" అన్న వాక్యం కూడా తీసేశాను. అదే పార్కులోని బ్యాట్‌మన్ కోస్టర్‌ను విప్పి టెక్సస్‌కు తరలించారు. 2008 నుంచి అది గోలియత్ పేరుతో నడిచింది.