వాయిదా రోజు దారిలో సాక్షికి తోడెవరు?

1998 మే 23న వై.ఎస్. రాజశేఖరరెడ్డి తండ్రి వై.ఎస్. రాజారెడ్డిని కారులో పులివెందులకు వస్తుండగా చంపారు. 2017 మే 21న కర్నూలు జిల్లాలో వైసీపీ నేత చెరుకులపాడు నారాయణరెడ్డిని పెళ్లికి వెళ్లి తిరిగొస్తుండగా చంపారు. కాలాలు వేరు, కేసులు వేరు. కానీ ఇద్దరి మీదా దాడి జరిగింది దారిలోనే. ఏ దారిన, ఏ వేళకు వస్తారో తెలిస్తే కాపు కాసేవాడికి సగం పని అయినట్టే. అందుకే సీమలో ముప్పున్న నాయకులు కార్లు మారుస్తారు, దారులు మారుస్తారు, గన్‌మ్యాన్ల కోసం అర్జీలు పెడతారు.

హత్య కేసులో సాక్ష్యం చెప్పాల్సిన రైతుకో, కూలీకో ఈ జాగ్రత్తల్లో ఒక్కటీ కుదరదు. అతను ఏ రోజు ప్రయాణం చేయాలో కోర్టే చెబుతుంది. ఆ తేదీ నిందితుడికీ తెలుసు. చాలా ఊళ్లకు పొద్దున వచ్చే పల్లెవెలుగు ఒక్కటే, సాయంత్రం తిరుగు బస్సూ ఒక్కటే. అది తప్పితే షేర్ ఆటో. అవతలి వర్గం మనుషులూ అదే బస్సెక్కుతారు. వాళ్లు కత్తి చూపించాల్సిన పనిలేదు. పక్క సీట్లో కూర్చుని "మీ పిల్లోడు అనంతపురంలోనే కదా చదివేది?" అని అడిగితే చాలు. ఆ పూట బోనులో అతను "నేనేమీ చూడలేదు" అంటాడు. సాక్షి అడ్డం తిరిగాడని రాసుకుంటారు. అతన్ని పిరికివాడని అనే హక్కు మనకు లేదు. రమ్మని సమన్లు పంపిన వ్యవస్థ, ఎలా వస్తాడో, ఎలా తిరిగి వెళ్తాడో పట్టించుకోలేదు.

చట్టం లేదా అంటే, ఉంది. 2018 డిసెంబర్ 5న మహేందర్ చావ్లా కేసులో సుప్రీంకోర్టు సాక్షుల రక్షణ పథకాన్ని ఆమోదించి దేశమంతా అమలు చేయమంది. సీఆర్‌పీసీ స్థానంలో 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 398వ సెక్షన్, ప్రతి రాష్ట్రం ఇలాంటి పథకాన్ని నోటిఫై చేయాలంటోంది. 2018 పథకం ప్రకారం అర్జీని జిల్లా జడ్జి అధ్యక్షతన ఉండే కమిటీ చూస్తుంది. సబ్‌డివిజన్ పోలీసు అధికారి ముప్పు ఎంతో తేల్చి ఐదు పనిదినాల్లో రిపోర్టు ఇవ్వాలి. అంతదాకా ఆగలేని పరిస్థితి అయితే ముందే తాత్కాలిక రక్షణ ఇవ్వొచ్చు. వాయిదా రోజు కోర్టుకు రాకపోకలకు ఎస్కార్ట్, ప్రభుత్వ వాహనం కూడా ఆ రక్షణ చర్యల్లో ఉన్నాయి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 15ఎ సెక్షన్ కింద బాధితులకు, సాక్షులకు ప్రయాణ ఖర్చులూ ఇవ్వాలి.

అయితే ఎస్కార్ట్ ఇచ్చే తీరులో ఒక చిక్కుంది. పోలీసు జీపు నేరుగా ఇంటి ముందు ఆగితే ఊరంతటికీ తెలిసిపోతుంది. సాయంత్రం జీపు వెళ్లిపోయాక ఆ ఇంట్లో వాళ్ల టెన్షన్ రెట్టింపవుతుంది. మామూలు బండిలో, మఫ్టీలో, ఊరికి కొంత దూరంలో ఎక్కించుకోవడం మేలు. తిరుగు ప్రయాణం వేళ రోజూ బస్సు కదిలే వేళ కాకూడదు. సాక్షి కూడా ఏ బస్సుకు వస్తున్నాడో ఇంట్లో నమ్మకమైన ఒక్కరికే చెప్పాలి. బస్టాండు నుంచి వాట్సాప్ స్టేటస్ పెట్టకూడదు. దారిలో తేడాగా అనిపిస్తే 112కు ఫోన్ చేయాలి. కానీ ఈ భారమంతా అతని మీదే వేసి చేతులు దులుపుకోవడం అన్యాయం.

అసలు ప్రయాణమే లేకుండా చేస్తే ఇంకా మంచిది. ప్రభుత్వం నోటిఫై చేసిన చోటు నుంచి వీడియో ద్వారా సాక్ష్యం చెప్పే వీలు కొత్త సంహితలోనే ఉంది. ఆలూరు, పత్తికొండ వైపు పల్లెల వాళ్లకు ఆ చోటు దగ్గర్లో ఉండాలి. నా ఉద్దేశంలో అది పోలీస్ స్టేషన్ మాత్రం కాకూడదు. అక్కడ కూర్చుని స్వేచ్ఛగా నోరు విప్పేవాళ్లు తక్కువ. ఇక వచ్చిన సాక్షిని విచారించకుండా వాయిదా వేయాలంటే కోర్టు ప్రత్యేక కారణాలు రాయాలి. ఈ నిబంధన పాతదే. దాన్ని గట్టిగా పాటించకపోతే, వేసిన ప్రతి వాయిదాకూ ఆ మనిషి అదే దారిలో ఇంకోసారి ప్రయాణించాలి.

పథకం గురించి సాక్షులకు దర్యాప్తు అధికారి, కోర్టు తెలియజేయాలని ఆ పథకంలోనే రాసి ఉంది. కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో సాక్షికి ఇచ్చే ప్రతి సమన్ల వెనుక, రక్షణకు ఎవరికి అర్జీ పెట్టాలో తెలుగులో నాలుగు వరుసలు ముద్రించాలి. చదవడం రానివాళ్లకు సమన్లు తెచ్చిన కానిస్టేబులే చదివి వినిపించాలి.