గుట్ట కింది తల్లిదండ్రులకు మద్దతుగా

పిల్లలను తొలిసారి బండ ఎక్కించడానికి తీసుకెళ్లిన రోజున అందరి చూపూ పిల్లల మీదే ఉంటుంది. ఇది అన్యాయం. తెల్లవారకముందే లేచి పులిహోర కలిపింది ఎవరు? హైదరాబాద్ నుంచి భువనగిరి దాకా 50 కిలోమీటర్లు కారు నడిపింది ఎవరు? అంత చేసి గుట్ట కింద నిలబడితే శిక్షకుడు వచ్చి, "మీరు కాస్త పక్కకు జరగండి సార్" అంటాడు. ఈ అవమానాన్ని ఇంతవరకు ఎవరూ పట్టించుకోలేదు కాబట్టి, గుట్ట కింది తల్లిదండ్రుల పక్షాన నాలుగు మాటలు రాయక తప్పడం లేదు.

ముందుగా మన అర్హతలు. బిడ్డ నడక నేర్చిన నాటి నుంచి "ఎక్కకు, పడతావు" అనే పాఠాన్ని మనం ఎంత నిష్ఠగా చెప్పామో ఇరుగుపొరుగుకు తెలుసు. సోఫా ఎక్కనివ్వలేదు, పిట్టగోడ ఎక్కనివ్వలేదు, అమ్మమ్మగారి ఇంట్లో జామచెట్టు వైపు చూడనివ్వలేదు. అలా ఏళ్ల తరబడి నేల మీద నిలబెట్టిన బిడ్డకు ఒక ఆదివారం పొద్దున హెల్మెట్ పెట్టి, రుసుము కట్టి, "ఊఁ, ఎక్కు" అంటాం. వాడు తెల్లబోయి చూస్తే పిరికివాడని తేల్చేస్తాం. ఇందులో పొంతన లేదనేవాళ్లకు పిల్లల పెంపకం గురించి ఏమీ తెలియదు. ఊరికే ఎక్కితే అల్లరి, రసీదు తీసుకుని ఎక్కితే వ్యక్తిత్వ వికాసం.

ఆ మాటకొస్తే రసీదు అక్కర్లేని గుండ్లు హైదరాబాద్‌లోనే బోలెడు ఉండేవి. ఈ గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. మరీ పాతబడిందనే కాబోలు, పేల్చేస్తున్నాం. వీటిని కాపాడండని ఒక సంఘం 1996 నుంచి మొత్తుకుంటూనే ఉంది. మనం మాత్రం బండలు పిండి చేసిన చోట లేచిన అపార్టుమెంటులో, ఎక్కడానికి ప్లాస్టిక్ ముక్కలు బిగించిన గోడ ఒకటి పిల్లలకు చూపించి తృప్తి పడుతున్నాం.

ఇక అసలు విషయానికి వద్దాం. కింది నుంచి మనమిచ్చే సలహాలకు విలువ లేకుండా పోతోంది. "గట్టిగా పట్టుకో! రాయికి అతుక్కుపో!" అని తండ్రి అరుస్తాడు. శిక్షకుడేమో దీనికి పూర్తిగా విరుద్ధంగా చెబుతాడు. వాలుగా ఉన్న పరుపుబండ మీద చేతులకు పెద్దగా పని లేదట. బరువంతా పాదాల మీద వేసి, నడుమును రాతికి కాస్త దూరంగా ఉంచి నిలబడితే బూటు రబ్బరు ఆ గరుకును పట్టుకుంటుందట. భయపడి బండను కౌగిలించుకుంటేనే కాలు జారుతుందట. కావచ్చు. కానీ భౌతికశాస్త్రం ఫీజులు కట్టదు, తండ్రి కడతాడు. "ఎడమ కాలు! ఎడమ!" అంటూ ఆయన కుడిచెయ్యి ఊపితే దాన్ని ఎత్తిచూపడం సభ్యత కాదు. పైగా ఎక్కేటప్పుడు తాడు పట్టుకున్న మనిషి మాట తప్ప ఇంకెవరి మాటా వినవద్దని పిల్లలకు ముందే చెప్పి ఉంచుతారు. ఇంటి పెద్దను లెక్కచేయకపోవడం బండ దగ్గర అలవాటైతే, రేపు ఎంపీసీ తీసుకోమన్నప్పుడు మన గతేమిటి?

ఇంకో విడ్డూరం. వీళ్లు దిగడం ముందు నేర్పుతారు. బిడ్డను కొన్ని అడుగుల ఎత్తుకు మాత్రమే పంపి, రాయిని వదిలి హార్నెస్‌లో, అంటే నడుముకూ తొడలకూ బిగించి తాడు కట్టే పట్టీల్లో, కుర్చీలో కూర్చున్నట్టు వెనక్కి వాలమంటారు. కాళ్లు చాచి బండ మీద అడుగులేస్తూ రమ్మంటారు. తాడు మోస్తుందన్న నమ్మకం కుదిరాకే పైకి. ఎక్కేటప్పుడు ఉడతలా పోయి, పైన రాయిని వదలలేక ఏడ్చే పిల్లలు చాలామంది ఉంటారు మరి. కొందరు బక్కపిల్లలైతే వదిలినా దిగరు. తాడు రాపిడిని దాటే బరువు లేక నడిమధ్యలో వేలాడుతుంటారు. నడుము సన్నగా ఉన్న చిన్నపిల్లలు బెల్టులోంచి జారిపోకుండా భుజాల మీదుగా కూడా పట్టీలున్న హార్నెస్ వేస్తారు. అంతా బాగానే ఉంది. కానీ దిగడం నేర్పే కోచింగ్‌కు డబ్బు కట్టిన తల్లిదండ్రులు మన రెండు రాష్ట్రాల్లో ఎక్కడైనా ఉన్నారా?

గుట్ట కింద ప్రతి తండ్రికీ నోటికొచ్చిన పేరు మాలావత్ పూర్ణ. నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి. ఇదే భువనగిరి బండ మీద శిక్షణ పొంది, 2014 మే 25న, 14 ఏళ్లు నిండకముందే ఎవరెస్టు ఎక్కింది. ఈ చరిత్రను బూటు లేసు కూడా సరిగ్గా కట్టుకోలేని ఏడేళ్ల బిడ్డకు వినిపించడం మన ధర్మం. ఒక్క సంగతి మాత్రం దాటవేయడం మంచిది. ఆమె గురుకుల విద్యార్థిని, తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. పనులు మానుకుని వచ్చి బండ కింద ఫోను పైకెత్తి, "ఇటు చూడు, నవ్వు" అని ఉంటారని నేననుకోను. ఆ సాయం లేకుండా అంత ఎత్తుకు ఎలా వెళ్లిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

మన పిల్లల సంగతి చూడండి. వంతు వచ్చేదాకా బుద్ధిగా కూర్చోక, పగులు అంచున ఉన్న తొండ చుట్టూ చేరతారు. అది బండ రంగులో కలిసిపోయి తల పైకీ కిందికీ ఆడిస్తుంది. వీళ్లూ ఆడిస్తారు. అది తాడు లేకుండా, చేతులకు చాక్ పొడి లేకుండా నిట్టనిలువుగా పరుగెత్తుతుంది. దాని కోసం వీళ్లు నడుమెత్తు గుండు ఎక్కి, అటు దూకి, మళ్లీ ఎక్కి, మోచెయ్యి గీరుకుపోయినా గమనించరు. ఇదేదీ లెక్కలోకి రాదు. సర్టిఫికెట్‌లో దానికి గడి లేదు.

చివరిగా తేనెటీగలు. ఇలాంటి బండల చూరుల కింద పెద్ద పట్లు ఉంటాయి. పట్టున్న వైపు ఎవరినీ ఎక్కించరు. గోల చేయవద్దంటారు, పొగ పెట్టవద్దంటారు. మన పెద్దలు మారుమాట లేకుండా పాటించగా నేను చూసిన హెచ్చరిక ఇదొక్కటే. పట్టు గుట్టకు అవతలి వైపున, దూరంగా ఉందని శిక్షకుడు చెప్పేలోగానే అందరూ కార్లెక్కి అద్దాలు మూసుకున్నారు. అప్పటిదాకా రెండడుగులు ఎక్కి ఏడుస్తున్న ఒక పాప, ఆ కాస్త సమయంలోనే పైదాకా వెళ్లి దిగి వచ్చిందట. వీడియో లేదు కనుక దీన్ని రుజువుగా పరిగణించలేం.

అయినా పెద్దల ప్రాణాలు విలువైనవి. వచ్చే నవంబరులో ఎక్కే కాలం మొదలయ్యేలోగా పర్యాటక శాఖవారు ప్రతి గుట్టకూ వంద గజాల దూరంలో ఒక బోర్డు పెట్టించాలని నా మనవి: "ముందు తేనెపట్టు కలదు. తల్లిదండ్రులు ఇక్కడే ఆగవలెను." పట్టు నిజంగా ఉండాలన్న నియమమేమీ అక్కర్లేదు.