మస్ట్ అంటే మస్టే సామీ

ఈ ప్రపంచాన్ని నడిపిస్తా ఉండేది అమెరికా అని కొందరు, చైనా అని కొందరు, మా తిరపతోళ్ళయితే ఏడుకొండలవాడే అంటారు. స్వామి సంగతి పక్కన పెడితే మిగతా రెండూ తప్పు. నడిపించేది మస్ట్. ఇంగ్లీషులో నాలుగక్షరాల క్రియ. ఏ ఇంగ్లీషు పేపరైనా తీస్కోని మధ్యలో ఎడిట్ పేజీకి పోండి, ఆడ కాలు మీద కాలేసుకోని కూర్చోనుంటాది. అమెరికా మస్ట్ లీడ్, యూరప్ మస్ట్ వేకప్, చైనా మస్ట్ ఎక్స్‌ప్లెయిన్, ఇండియా మస్ట్ చూజ్. పొద్దున మనం పళ్ళు తోముకునేలోపల ఇన్ని దేశాలకి పని పురమాయించేసి, రాసినాయన మాత్రం ఇంకా నిద్ర లేచుండడు.

ఈ మాట మహత్యం గ్రామర్ చదివినోళ్ళకి బాగా తెలుసు. దీనికి పాస్ట్ టెన్స్ లేదు. గో కి వెంట్ ఉండాది, కమ్ కి కేమ్ ఉండాది, మస్ట్ కి ఏమీ లేదు, నిన్నటి సంగతి చెప్పాలంటే హ్యాడ్ టు అని వేరే మాట ఎత్తుకోవాల. కాలమ్ రాసేవాళ్ళకి ఇంతకన్నా సౌకర్యం ఏముంటాది చెప్పండి, పోయిన సంవత్సరం మస్ట్ అన్నావే ఏమైందబ్బా అని అడగడానికి గ్రామరే ఒప్పుకోదు.

సరే, గ్రామర్ ఒప్పుకోకపోయినా మనం అడుగుదాం. 2011 ఆగస్టు 18న అమెరికా ప్రెసిడెంట్ ఒబామా, సిరియా ప్రెసిడెంట్ అసద్ తప్పుకునే టైమొచ్చింది అని స్టేట్‌మెంట్ ఇచ్చినాడు. అదే రోజు బ్రిటన్ కామెరాన్, ఫ్రాన్స్ సర్కోజీ, జర్మనీ మెర్కెల్ ముగ్గురూ కలిసి ఇంకోటి ఇచ్చినారు. ఇంక చూస్కోండి, అసద్ మస్ట్ గో, అసద్ మస్ట్ గో అని పేపర్లలో అఖండ భజన. మరి ఎవరు పోయినారు? ముందు 2012లో సర్కోజీ పోయినాడు, ఎలక్షన్లో ఓడి. 2016లో కామెరాన్ పోయినాడు, అదీ తానే పెట్టుకున్న రెఫరెండం దెబ్బకి. 2017లో ఒబామా పోయినాడు, పాపం ఆయన టర్మ్ అయిపోయింది. 2021లో మెర్కెలమ్మ గూడా కుర్చీ ఖాళీ చేసేసింది. అసద్ మాత్రం రాజధాని డమాస్కస్‌లో గమ్మున కూర్చున్నాడు. చివరికి 2024 డిసెంబర్‌లో మాస్కోకి పారిపోయినాడు, అదీ తిరుగుబాటుదార్లు ఊరి ముందరికొచ్చేసినాక, ఎడిటోరియల్ చదివి మనసు మార్చుకోని కాదు.

మరి లిబియా నియంత గడాఫీ పోలేదా అంటారు. పోయినాడు. ఒబామా, కామెరాన్, సర్కోజీ 2011 ఏప్రిల్లో ముగ్గురూ కలిసి పేపర్లో వ్యాసమే రాసినారు, గడాఫీ పోవాల్సిందే అని, అక్టోబర్ కల్లా మనిషే లేడు. కాకపోతే ఆ మస్ట్ వెనకాల నాటో విమానాలుండె. మామూలు కాలమిస్టు వెనకాల ఏముంటాది, మాజీ అని మొదలయ్యే ఒక హోదా, పక్కన కళ్ళద్దాల ఫొటో. ఇంతకీ లిబియా ఇప్పటికీ రెండు గవర్నమెంట్లతో ఏగతా ఉండాది, అది వేరే కాలమ్.

ఈ జబ్బు కొత్తదేం కాదు. రోమ్‌లో కేటో అని ఒక ముసలాయన ఉండేవాడు, ఏ విషయం మీద మాట్లాడినా చివర్లో శత్రునగరం కార్తేజ్‌ని నాశనం చెయ్యాల్సిందే అని ముగించేవాడంట. కార్తేజ్ నాశనమైంది క్రీ.పూ. 146లో. కేటో అంతకు మూడేళ్ళ ముందే, క్రీ.పూ. 149లోనే టికెట్ తీసుకున్నాడు. మస్ట్ అన్నోడే ముందు పోయేది, అప్పుడైనా ఇప్పుడైనా.

ఇంక పెద్ద పెద్ద కౌన్సిళ్ళ సంగతి. 2024 మార్చి 25న ఐక్యరాజ్యసమితి సెక్యూరిటీ కౌన్సిల్ గాజాలో కాల్పులు ఆపాలని డిమాండ్ చేస్తా 2728 నంబరు తీర్మానం పాస్ చేసింది, 14 దేశాలు ఊ అన్నాయి, అమెరికా ఊ అనలా ఊఁహూ అనలా, ఆ రోజే ఇది నాన్‌బైండింగ్, అంటే ఎవురూ కట్టుబడనక్కర్లా అని తేల్చేసింది. డిమాండ్‌కే ఈ గతి పడితే ఊరికే మస్ట్‌ని ఎవురు లెక్కబెడతారు.

ప్యారిస్‌లో అయితే ఇంకా తమాషా. 2015 డిసెంబర్ 12న క్లైమేట్ ఒప్పందం ఆఖరి నిమిషంలో ఆగిపోయింది, ఎందుకంటే ధనిక దేశాలు కాలుష్యం తగ్గించడంలో ముందుండాలనే వాక్యంలో షుడ్ ఉండాల్సిన చోట షల్ పడింది. షల్ అంటే చట్టబద్ధంగా కట్టుబడాల, అప్పుడు అమెరికా సెనేట్‌కి పోవాల, ఆడ పాసయ్యే ఛాన్సే లేదు. షుడ్ అయితే ఆ బాధ లేదు. దాంతో టెక్నికల్ కరెక్షన్ అని చెప్పి షుడ్ పెట్టేసి, ఒప్పందం పాసైందని బల్ల మీద సుత్తితో కొట్టేసినారు. అంత జాగ్రత్త పడినా అమెరికా 2020లో బయటికి, 2021లో లోపలికి, 2025లో ట్రంప్ సంతకంతో మళ్ళీ బయటికి. మనోళ్ళనెవరినైనా పంపించుంటే ఈ గొడవే ఉండేది కాదు. మనం మస్ట్ అండ్ షుడ్ అని రెండూ కలిపే వాడేస్తాం. గృహప్రవేశానికి మస్ట్ అండ్ షుడ్‌గా వస్తానన్నా అన్నాడంటే రాడని అర్థం, పిల్చినోడికీ తెలుసు, ఎవురూ ఫీల్ కారు.

తెలుగు పేపర్లేం తక్కువ తినలా. పుతిన్ ఇకనైనా కళ్ళు తెరవాలి, ఇజ్రాయెల్ సంయమనం పాటించాలి, అగ్రరాజ్యం గుణపాఠం నేర్చుకోవాలి. పుతిన్ ఇంటికి పలమనేరు ఎడిషన్ పేపర్ టైముకి పడతాందో లేదో మరి, ముందు ఆ ఏజెంటుని కనుక్కోవాల.

ఈ మస్ట్ దగ్గర్నుంచి ఎట్లుంటాదో చూడాలంటే ఢిల్లీ దాకా పోనక్కర్లా, చిత్తూరు వైపు మామిడి సీజన్ చాలు. 2025లో తోతాపురి కాయకి కిలో 12 రూపాయలు రైతుకి పడాల, అందులో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు 8 ఇవ్వాల, గవర్నమెంటు 4 ఇస్తాది అని చెప్పినారు. ఇవ్వాల. ఫ్యాక్టరీలేమో పోయిన ఏడాది గుజ్జు డ్రమ్ములే కదల్లా, మేం యాడ పెట్టుకునేది అన్నాయి. గేటు బయట ట్రాక్టర్లు రోజుల తరబడి లైను, టోకెను జేబులో పెట్టుకోని రైతు ట్రాలీ కిందే పండుకుంటే, పైన కాయ మగ్గిపోయి రసం కారి చొక్కా మీద బొట్టు బొట్టుగా పడతా ఉంటే ఈగలు తోలుకుంటా, ఫోన్లో ఎవురో ఎక్స్‌పర్ట్ ఎర్రసముద్రంలో ఓడల దారి మస్ట్‌గా ఓపెన్ చెయ్యాల్సిందే అని గంట సేపు చెప్తే ఆ వీడియో అంతా ఓపిగ్గా విన్నాడు ఒకాయన. విని, సముద్రం తర్వాత సంగతి, ఈ గేటు తెరవమని చెప్పేటోడు ఎవురూ లేరా సామీ అన్నాడు.

అందువల్ల మిక్కిలి బాధ్యతతో ఒక ప్రపోజల్ పెడతాండా. కొండపైన రూము తీసుకుంటే కాషన్ డిపాజిట్ కట్టించుకుంటారు కదా, ఖాళీ చేసినాక అకౌంట్లో పడతాది. అట్లే ప్రతి మస్ట్‌కీ రాసినాయన డిపాజిట్ కట్టేది, అన్నది జరిగితే రీఫండ్. షుడ్ అయితే సగమే, ప్యారిస్ రేటు. ఇంటర్నేషనల్ కమ్యూనిటీ మస్ట్ యాక్ట్ అని రాసేవాళ్ళు మాత్రం సదరు కమ్యూనిటీ గారి ఆధార్ జిరాక్స్ జత చెయ్యాల, ఇన్నేళ్ళుగా ప్రపంచంలో పనులన్నీ ఆయనకే చెప్తాండారు, ఇల్లు యాడుందో ఒక్కరికీ తెలీదు. అసద్ బ్యాచ్‌కి 13 ఏళ్ళ తర్వాత రీఫండ్ శాంక్షన్ అవతాది, వడ్డీ లేకుండా. కేటో గారిది వారసులు వచ్చి క్లెయిమ్ చేసుకోవచ్చు, ఒరిజినల్ రసీదు మస్ట్ అండ్ షుడ్.